అంబులెన్స్ సేవలకు అనుమతులు (భారతదేశం)

ఊళ్లో మందుల దుకాణం పెట్టాలంటే డ్రగ్ లైసెన్సు కావాలి. టిఫిన్ సెంటరు పెట్టినా ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. అంబులెన్స్ సర్వీసు పెట్టడానికి ఏ లైసెన్సు కావాలని అడిగితే మాత్రం ఒక కాగితం పేరు చెప్పడం కష్టం. దేశమంతటా చెల్లే ‘అంబులెన్స్ సర్వీసు లైసెన్సు’ అనేది లేదు. ఉన్నవన్నీ విడివిడి ముక్కలు. బండి రిజిస్ట్రేషనూ, ఫిట్‌నెస్ సర్టిఫికెట్టూ (ఎఫ్‌సీ) ఆర్టీఏ ఆఫీసు చూస్తుంది. బండి నిర్మాణం ఎలా ఉండాలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ చెబుతుంది. ఆస్పత్రి సొంత బండి అయితే ఆ ఆస్పత్రి కాగితాలు జిల్లా వైద్యాధికారి దగ్గర ఉంటాయి. ఆక్సిజన్ సిలిండరుకు గ్యాస్ సిలిండర్ల నిబంధనలు వర్తిస్తాయి, అందులోని ఆక్సిజన్‌కు ఔషధాల చట్టం వర్తిస్తుంది. ఇన్ని శాఖల చేతుల మీదుగా రోడ్డెక్కే బండిలో రోగి పక్కన కూర్చునే మనిషికి ఏం వచ్చు అన్నది మాత్రం చాలాచోట్ల ఎవరూ అడగరు. మన చట్టం బండిని పట్టించుకున్నంతగా బండిలో జరగాల్సిన వైద్యాన్ని పట్టించుకోలేదు. ఈ వ్యాసంలో వచ్చే చిక్కులన్నీ దాదాపు అక్కడి నుంచి పుట్టినవే.

మోటారు వాహనాల చట్టంలో అంబులెన్స్

1988 నాటి మోటారు వాహనాల చట్టం కింద అంబులెన్స్ రవాణా వాహనం. లారీకీ బస్సుకూ ఉన్నట్టే దీనికీ ఎఫ్‌సీ, థర్డ్ పార్టీ బీమా ఉండాలి. కొత్త బండికి ఎఫ్‌సీ రెండేళ్లు చెల్లుతుంది. ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా చేయించుకోవాలి. పర్మిట్ దగ్గరికి వచ్చేసరికి చట్టం ఒక మినహాయింపు ఇచ్చింది. 66వ సెక్షన్ ప్రకారం పోలీసు, అగ్నిమాపక, అంబులెన్స్ పనులకు మాత్రమే వాడే రవాణా వాహనానికి పర్మిట్ అక్కర్లేదు. ఉద్దేశం మంచిదే. గుండెపోటు వచ్చిన మనిషిని ఒంగోలు నుంచి చెన్నైకి తీసుకెళ్తున్న డ్రైవరు రాష్ట్ర సరిహద్దులో స్పెషల్ పర్మిట్ కోసం క్యూలో నిలబడితే ఎలా?

అయితే ఆ మినహాయింపుకు ఇంకో ముఖం ఉంది. ఆటోలకు, టాక్సీలకు, బస్సులకు, సరుకు బండ్లకు చార్జీలు ఇంతని చెప్పే అధికారం అదే చట్టంలోని 67వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. అది స్టేజి క్యారేజీలు, కాంట్రాక్టు క్యారేజీలు, గూడ్సు క్యారేజీల గురించి మాట్లాడుతుందే గాని అంబులెన్స్ పేరెత్తదు. పర్మిటే లేని బండికి పర్మిట్ షరతులూ ఉండవు. పెద్దాస్పత్రి గేటు పక్కన వరసగా నిలబడ్డ వ్యాన్లకు మీటరు లేకపోవడానికి, అడిగినంతా ఇచ్చుకోవాల్సి రావడానికి ఒక మూలం ఈ ఖాళీలోనే ఉంది.

రోడ్డు మీద అంబులెన్స్‌కు దక్కే హక్కులు మాత్రం స్పష్టంగానే రాసి ఉన్నాయి. రకరకాల స్వరాలు పలికే హారన్లు మిగతా బండ్లకు నిషిద్ధం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వ నిబంధన అంబులెన్స్‌కు, ఫైరింజనుకు, పోలీసు బండికి రిజిస్టరింగ్ అధికారి ఒప్పుకున్న ధ్వనులు వాడుకోనిచ్చింది. బండి మీద ఊదా గాజు వెనక మినుకుమినుకుమనే ఎర్ర దీపం 108వ నిబంధనలో ఉంది. 2017 మే 1 నుంచి మంత్రుల, అధికారుల కార్ల మీది బుగ్గ దీపాలు పోయాయి, అత్యవసర బండ్లవి మిగిలాయి. అదే ఏడాది వచ్చిన డ్రైవింగ్ నియమావళి అత్యవసర బండ్లలోనూ వరస పెట్టింది: ముందు ఫైరింజను, తర్వాత అంబులెన్స్, ఆ తర్వాత పోలీసు. జాతీయ రహదారుల మీద టోలు కట్టనక్కర్లేదు. దారి ఇవ్వని వాహనదారుకు 2019 సవరణతో వచ్చిన 194-ఇ సెక్షన్ ఆరు నెలల వరకు జైలు గాని, 10 వేల రూపాయల జరిమానా గాని, రెండూ గాని అంటోంది.

పన్నుల సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు. రోగిని అంబులెన్స్‌లో తరలించే సేవ మీద జీఎస్టీ లేదు. బండి కొనుగోలు మీద ఉంది. కరోనా రెండో అల సమయంలో కొన్ని నెలల పాటు 12 శాతానికి తగ్గించారు, 2025 సెప్టెంబరు 22న 28 నుంచి 18 శాతానికి దించారు. పన్ను ఉత్తర్వుల్లోని మాట ఒకటి గమనించదగ్గది: అంబులెన్స్‌కు కావాల్సిన సామగ్రి అంతా బండి తయారైన ఫ్యాక్టరీలోనే బిగించి ఉండాలి. ఆటోనగర్ షెడ్డులో బిగించిన బండి ఆ లెక్కలోకి రాదు.

జాతీయ అంబులెన్స్ కోడ్

చాలా ఏళ్ల పాటు అంబులెన్స్ తయారీ షెడ్డు పనే. ఒక వ్యాన్ కొని, వెనక సీట్లు పీకేసి, స్ట్రెచర్ ఒకటి బిగించి, పైన సైరన్ పెట్టి, ముందు అద్దం కింద తిరగేసిన అక్షరాల స్టిక్కర్ అతికిస్తే అంబులెన్స్ అయిపోయేది. మలుపులో స్ట్రెచర్ జారినా, గతుకులో సిలిండరు కదిలినా అడిగేవాళ్లు లేరు. ఓమ్ని వ్యాన్‌లో పడుకోబెట్టిన రోగికీ బండి పైకప్పుకీ మధ్య సెలైన్ సీసా వేలాడదీయడానికి చాలినంత ఎత్తు కూడా ఉండేది కాదు. ఛాతీ నొక్కి గుండె ఆడించాలంటే మనిషి మోకాళ్ల మీద నిలబడేందుకు చోటు కావాలి కదా. ఆ బండిలో చేయగలిగిందల్లా వేగంగా పోవడమే.

ఈ పరిస్థితి మార్చడానికి వచ్చిందే ఏఐఎస్-125. వాహన పరిశ్రమ ప్రమాణాల వరసలో ఇదొకటి, రోడ్డు అంబులెన్స్ నిర్మాణం, పనితీరు ఎలా ఉండాలో ఇందులో రాశారు. వాడుకలో దీనికి జాతీయ అంబులెన్స్ కోడ్ అని పేరు. 2016 సెప్టెంబరు 8న కేంద్రం దీన్ని మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చింది, 2018 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేసింది. కోడ్ అంబులెన్స్‌లను నాలుగు తరగతులుగా విడదీసింది.

టైప్ ఏ అంటే మొట్టమొదట రోగి దగ్గరికి చేరుకునే బండి. రోగిని మోసుకెళ్లడం దాని పని కాదు, పెద్ద బండి వచ్చేలోగా ప్రథమ చికిత్స అందించడం దాని పని. సందుల్లో దూరే మోటారు సైకిల్ కూడా ఈ తరగతిలోకి వస్తుంది. పాడేరు లాంటి మన్యం ప్రాంతాల్లో ఫీడర్ అంబులెన్స్ అని తిరిగిన బైకులు పక్కన తొట్టె కట్టుకుని రోగిని రోడ్డు దాకా చేరవేసేవి కాబట్టి అవి కచ్చితంగా ఏ తరగతివో చెప్పడం కష్టం. అక్కడే కొండ మీద గూడెం నుంచి రోడ్డు దాకా నలుగురు మోసే డోలీ ఏ కోడ్‌లోనూ లేదు. కొన్ని గూడేలకు ఇప్పటికీ మొదటి అంబులెన్స్ అదే.

టైప్ బి రోగుల రవాణా వాహనం. డయాలసిస్‌కు వెళ్లొచ్చేవాళ్లు, డిశ్చార్జి అయి ఇంటికి పోయేవాళ్లు, అంటే దారిలో ప్రాణాపాయం రాదనుకునే రోగుల కోసం. టైప్ సి బేసిక్ లైఫ్ సపోర్ట్ బండి, వాడుకలో బీఎల్‌ఎస్. టైప్ డి అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ బండి, వాడుకలో ఏఎల్‌ఎస్ అనో ‘ఐసీయూ అంబులెన్స్’ అనో అంటారు. వెనక తలుపు తీసి చూస్తే సి, డి తరగతుల తేడా కనిపిస్తుంది. బీఎల్‌ఎస్‌లో ఆక్సిజన్, కఫం లాగే సక్షన్ యంత్రం, వెన్ను కదలకుండా పడుకోబెట్టే బోర్డు, విరిగిన ఎముకకు కట్టే బద్దలు, కాన్పు సామగ్రి ఉంటాయి. ఏఎల్‌ఎస్‌లో వీటికి తోడు వెంటిలేటరు, గుండె గీతలు చూపే మానిటరు, షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటరు, మందు చుక్కల్ని లెక్కగా పంపే ఇన్ఫ్యూజన్ పంపు ఉంటాయి. బండి గోడ మీద పెద్దక్షరాలతో ‘ఐసీయూ’ అని రాసుకున్నంత మాత్రాన ఇవి లోపల ఉన్నట్టు కాదు, ఉన్నా పనిచేస్తున్నట్టు కాదు.

రంగు, అక్షరాలు, మెరిసే పట్టీలు కూడా కోడ్‌లో ఉన్నాయి. ఒంటికి తెలుపు. ముందు బానెట్ వైపు అంబులెన్స్ అన్న మాట కుడి ఎడమలు తారుమారై ఉంటుంది. ముందు పోయే కారు డ్రైవరు వెనక చూసే అద్దంలో అది సరిగ్గా కనబడాలని ఈ ఏర్పాటు. ఇక్కడ తిరగేసేది ఇంగ్లీషు మాటనే. తెలుగులో కూడా అలా తిరగేసి రాసిన బండ్లు అరుదు.

కోడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం నిర్వచనమే. రోగులను, గాయపడ్డవారిని తరలిస్తూ, తగిన సిబ్బంది ఉన్నప్పుడు తన తరగతికి తగ్గ వైద్యం అందించగలిగేలా ప్రత్యేకంగా అమర్చిన వాహనం అంబులెన్స్ అని దాని సారాంశం. ‘తగిన సిబ్బంది ఉన్నప్పుడు’ అన్న షరతు నిర్వచనంలోనే ఉంది. అయితే కోడ్ అమలయ్యేది బండి మోడల్‌కు ఆమోదం ఇచ్చేటప్పుడూ, రిజిస్ట్రేషన్ అప్పుడూ, ఎఫ్‌సీ అప్పుడూ. ఆ మూడు సందర్భాల్లోనూ స్ట్రెచర్ మీద రోగి ఉండడు, పక్కన సిబ్బందీ ఉండరు. జనం బ్రేకినస్పెక్టరు అని పిలిచే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు బ్రేకులు, టైర్లు, దీపాలు, హారను చూస్తాడు. వెంటిలేటరు పనిచేస్తోందో లేదో చూడటం అతని చదువులో లేదు, చూడమనడమూ న్యాయం కాదు. చూడాల్సిన వైద్య శాఖ అధికారి అక్కడ ఉండడు.

కొన్న తర్వాత మామూలు వ్యాన్‌ను అంబులెన్స్‌గా మార్చడానికి 52వ సెక్షన్ అడ్డుగా ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ (ఆర్‌సీ)లో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. ఆర్‌సీలో వాహన తరగతి దగ్గర ‘అంబులెన్స్’ అని ఉన్న బండే చట్టం ప్రకారం అంబులెన్స్, స్టిక్కర్ ఉన్నదల్లా కాదు.

డ్రైవరు, ఈఎంటీ

ప్రభుత్వ అత్యవసర సేవ అయిన 108 బండిలో డ్రైవరును పైలట్ అంటారు. రోగి దగ్గర ఉండే మనిషి ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. వీళ్లిద్దరిలో చట్టం మొదటివాడిని ఎప్పటినుంచో గుర్తించింది, రెండోవాడిని ఈమధ్యే చూసింది.

డ్రైవరుకు కావాల్సింది డ్రైవింగ్ లైసెన్సు. రవాణా వాహనాలకు వేరే ఎండార్స్‌మెంటు కావాలా వద్దా అన్న వివాదం ఏళ్ల తరబడి బీమా కేసుల్లో నలిగింది. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని తేల్చింది: తేలికపాటి మోటారు వాహన లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని కూడా నడపవచ్చు. రోడ్ల మీద తిరిగే వ్యాన్ అంబులెన్స్‌లు ఎక్కువ భాగం ఆ బరువు లోపలివే. అత్యవసర బండిని నడపడానికి ప్రత్యేక శిక్షణ సర్టిఫికెట్ ఉండాలనే కేంద్ర నిబంధన లేదు. సైరన్ వేసుకుని ఎదురు దారిలో దూసుకుపోవడం ఒక నైపుణ్యం అయితే, రోగి ఒళ్లు కదలకుండా స్పీడుబ్రేకరు దాటించడం అంతకంటే పెద్ద నైపుణ్యం. ఈ రెండోది ఏ లైసెన్సు పరీక్షలోనూ అడగరు.

ఈఎంటీకి చాలా కాలం పాటు రిజిస్టరూ లేదు, కౌన్సిలూ లేదు. డాక్టరుకు మెడికల్ కౌన్సిల్, నర్సుకు నర్సింగ్ కౌన్సిల్, మందులిచ్చేవాడికి ఫార్మసీ కౌన్సిల్ ఉండగా, దారి మధ్యలో ప్రాణం నిలబెట్టే మనిషికి సంస్థ ఇచ్చిన ఐడీ కార్డే ఆధారం. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఈ లోటు తీర్చే దారి వేసింది. దాని షెడ్యూలులో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టు అనే వృత్తి పేరు చేరింది. జాతీయ స్థాయిలో కమిషన్, రాష్ట్రాల్లో కౌన్సిళ్లు, కేంద్ర, రాష్ట్ర రిజిస్టర్లు ఏర్పడాలని చట్టం చెబుతోంది. తెలుగు వాడుకలో పారామెడికల్ అంటే ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే టెక్నీషియన్ కూడా వస్తారు. అందువల్ల ‘పారామెడిక్ ఉన్నాడు’ అని అంబులెన్స్ వాడు చెప్పిన మాటకు ఒక్కోచోట ఒక్కో అర్థం.

చదువు ఉన్నవాళ్లకు, బండ్లకు మధ్య ఎంత దూరం ఉందో ఒక లెక్క చెబుతుంది. ఢిల్లీ ఎయిమ్స్ ట్రామా సెంటరుతో కలిసి నీతి ఆయోగ్ దేశంలోని 100 ఆస్పత్రులను పరిశీలించి 2021లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 91 శాతం ఆస్పత్రులకు సొంత అంబులెన్స్‌లు ఉన్నాయి. అంబులెన్స్‌లో సాయపడే శిక్షణ పొందిన పారామెడిక్‌లు ఉన్న ఆస్పత్రులు 34 శాతమే.

సేవ మీద చట్టం

ఆస్పత్రులను నియంత్రించే చట్టాలు అంబులెన్స్ గడప దాకా వచ్చి ఆగిపోతాయి. తెలంగాణలో 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం అమల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు 2002లో చేసుకున్న సొంత చట్టం ఉంది. రెండూ ప్రధానంగా చూసేది గోడలు, పడకలు ఉన్న సంస్థలనే. ఆస్పత్రి పేరున్న బండి ఆ ఆస్పత్రి రిజిస్ట్రేషన్ నీడలో ఉంటుంది. ఆస్పత్రితో సంబంధం లేకుండా ఒక్క బండితో, ఒక్క ఫోను నంబరుతో నడిచే ప్రైవేటు అంబులెన్స్ ఎవరి నీడలోనూ ఉండదు. ఆస్పత్రుల నాణ్యతకు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోరేవి మాత్రం బండిలోని పరికరాలను, మందులను సరిచూసుకున్న చెక్‌లిస్టు, శిక్షణ ఉన్న సిబ్బంది చూపించాలి. ఆ గుర్తింపు స్వచ్ఛందం.

అత్యవసర వైద్య సేవలకు విడిగా చట్టం చేసిన రాష్ట్రం గుజరాత్, 2007లో. అంతకు ముందు ఏడాదే భారత లా కమిషన్ తన 201వ నివేదికలో ప్రమాద బాధితులకు, అత్యవసర స్థితిలో ఉన్నవారికి, నొప్పులు పడుతున్న స్త్రీలకు వైద్యం అందించడంపై నమూనా చట్టం రాసి ఇచ్చింది. దాన్ని కేంద్రం చట్టంగా తేలేదు.

చట్టసభలు వదిలేసిన చోట కోర్టులు మాట్లాడాయి. స్కూటరు ప్రమాదంలో గాయపడ్డ మనిషిని ఒక ఆస్పత్రి చేర్చుకోకుండా, పోలీసు కేసులు చూసే మరో ఆస్పత్రికి పొమ్మంటే దారిలో చనిపోయాడు. ఆ ఉదంతం మీద వచ్చిన పరమానంద్ కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు, ప్రాణాలు కాపాడటమే డాక్టరు మొదటి బాధ్యత, పోలీసు లాంఛనాలు తర్వాత అంది. 1996 నాటి పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసు అంబులెన్స్‌కు ఇంకా దగ్గరిది. 1992 జులైలో రైలు నుంచి పడిన ఒక వ్యవసాయ కూలీని తలకు దెబ్బతో ఒక ప్రభుత్వాస్పత్రి నుంచి మరో ప్రభుత్వాస్పత్రికి తిప్పారు, ఎక్కడా చేర్చుకోలేదు. కోర్టు 25 వేల రూపాయల పరిహారంతో సరిపెట్టలేదు. ఏ ఆస్పత్రిలో పడక ఖాళీగా ఉందో తెలిసే సమాచార కేంద్రం పెట్టాలని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి పెద్దాస్పత్రికి తరలించే అంబులెన్స్‌లో తగిన పరికరాలూ వైద్య సిబ్బందీ ఉండాలని చెప్పింది. బండిలో మనిషి ఉండాలన్న మాట ఏఐఎస్-125కు 20 ఏళ్ల ముందే తీర్పులో ఉంది.

108: ఒప్పందమే లైసెన్సు

2005 ఆగస్టు 15న హైదరాబాద్ కేంద్రంగా 108 మొదలైంది. నడిపింది ఈఎంఆర్‌ఐ అనే సంస్థ, దాన్ని పెట్టింది సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు. 2009లో సత్యం కుంభకోణం బయటపడ్డాక నిర్వహణ జీవీకే గ్రూపు చేతికి వెళ్లింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘కుయ్ కుయ్’ బండిగా ఊరూరికీ తెలిసిన ఈ పద్ధతి గుజరాత్‌తో మొదలై మిగతా రాష్ట్రాలకు పాకింది. దేశానికి అత్యవసర నంబరు అలవాటు చేసినది తెలుగు నేల అని చెప్పుకోవడంలో తప్పులేదు.

నియంత్రణ పరంగా 108లో విశేషం ఒకటుంది. చట్టంలో లేని షరతులన్నీ ఇక్కడ ప్రభుత్వానికీ నిర్వాహక సంస్థకూ మధ్య ఒప్పందంలోకి వచ్చాయి. ఎన్ని బండ్లు, ఏ తరగతివి, ఈఎంటీ చదువేమిటి, ఫోను వచ్చాక ఎన్ని నిమిషాల్లో చేరాలి, చేరకపోతే ఎంత కోత అన్నవి టెండరు కాగితాల్లో ఉంటాయి. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్‌లో 108 అంబులెన్స్, 104 సంచార వైద్య సేవల కోసం 1,088 కొత్త వాహనాలను ప్రారంభించినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెప్పిన లక్ష్యం పట్టణంలో 15 నిమిషాలు, పల్లెలో 20, ఏజెన్సీలో 30. జాతీయ ఆరోగ్య మిషన్ కొలత ప్రకారం లక్ష జనాభాకు ఒక బీఎల్‌ఎస్, ఐదు లక్షలకు ఒక ఏఎల్‌ఎస్ ఉండాలి.

ఒప్పందంతో కట్టడి చేయడం పనిచేస్తుంది, కానీ ఆ ఒప్పందంలో ఉన్న బండ్లకే. 108 బండి వెనకే అదే రోడ్డు మీద వచ్చే ప్రైవేటు బండికి అందులో ఒక్క షరతూ వర్తించదు. రోగి బంధువుకు రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండింటికీ ఒకటే సైరన్.

చార్జీలు, సరిహద్దులు

2022 ఏప్రిల్‌లో తిరుపతిలోని ఒక ప్రభుత్వాస్పత్రిలో చనిపోయిన పిల్లవాడిని తండ్రి బైకు మీద సుమారు 90 కిలోమీటర్లు సొంతూరికి తీసుకెళ్లాడు. అక్కడి ప్రైవేటు అంబులెన్స్ డ్రైవర్లు ఇచ్చుకోలేనంత అడిగారు, బయటి నుంచి తక్కువకు వచ్చిన బండిని గేటు దగ్గరే అడ్డుకున్నారు. దేశమంతా చూసిన ఆ ఘటనలో ఎవరి లైసెన్సు రద్దు చేయాలి అని అడిగితే, రద్దు చేయడానికి లైసెన్సంటూ ఉండాలి కదా. పోలీసు కేసు పెట్టగలరు, ఆస్పత్రి ఆవరణలోకి రావద్దనగలరు. సర్వీసు నడిపే హక్కును తీసేసే కాగితం ఏ అధికారి చేతిలోనూ లేదు.

కరోనా కాలంలో నాలుగైదు కిలోమీటర్లకు వేలకు వేలు గుంజుతున్నారన్న పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2020 సెప్టెంబరు 11న, సహేతుకమైన అంబులెన్స్ చార్జీలు నిర్ణయించే బాధ్యత రాష్ట్రాలదేనని చెప్పింది. కేరళ 2024లో అంబులెన్స్ తరగతిని బట్టి చార్జీలు ప్రకటించింది. పట్టికను బండిలో రోగి బంధువులకు కనిపించేలా పెట్టడం వంటి చిన్న పనికి పెద్ద చట్టం అక్కర్లేదు. అది కూడా చేయని రాష్ట్రాలకు సాకు లేదు.

అనుమతి అడగకూడని చోట అడిగిన ఉదంతం కూడా తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2021 మేలో కర్నూలు, కృష్ణా వైపుల నుంచి హైదరాబాద్ వస్తున్న కోవిడ్ రోగుల అంబులెన్స్‌లను తెలంగాణ సరిహద్దులో ఆపేశారు. ఆస్పత్రిలో పడక ఖాయమైనట్టు ముందే అనుమతి తెచ్చుకోవాలన్నది ప్రభుత్వ ఉత్తర్వు. ఆక్సిజన్ మీద ఉన్న మనుషులు పుల్లూరు టోల్‌గేటు దగ్గర గంటల తరబడి ఆగారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. అంబులెన్స్‌కు పర్మిట్ వద్దని 1988లో చట్టం రాసినవాళ్లు ఊహించిన ప్రమాదం సరిగ్గా ఇదే.

శవవాహనం, విమానం

చట్టంలో శవాలను మోసే బండి అంబులెన్స్ కాదు. పర్మిట్ మినహాయింపు దానికీ ఉన్నా, అది విడిగా ఇంకో క్లాజులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాస్పత్రుల నుంచి ఉచితంగా ఇంటికి చేర్చే మహాప్రస్థానం వాహనాలు ఈ కోవవి. ప్రైవేటు రంగంలో ఈ గీత చెరిగిపోయింది. పొద్దున శవాన్ని దించి వచ్చిన బండే మధ్యాహ్నం బాలింతను ఎక్కించుకుంటుంది, మధ్యలో కడిగారో లేదో అడిగే నిబంధన లేదు.

విమానం, హెలికాప్టరు అంబులెన్స్‌లకు అనుమతి ఇచ్చేది పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ). నడిపే సంస్థకు నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉండాలి. ఆకాశంలో ఎగిరేదానికి ఉన్నంత కట్టుదిట్టం నేల మీద పోయేదానికి లేదు.

ఇతర దేశాలు

అమెరికాలో 1960ల దాకా పరిస్థితి మనకంటే మెరుగేమీ కాదు. అక్కడి జాతీయ విజ్ఞాన అకాడమీ 1966లో వెలువరించిన నివేదిక ప్రకారం దేశంలోని అంబులెన్స్ సేవల్లో సుమారు సగం, అంత్యక్రియలు జరిపించే 12 వేల మంది వ్యాపారుల చేతుల్లో ఉండేవి. పడుకోబెట్టి తీసుకెళ్లడానికి వీలైన పొడవాటి బండి వాళ్ల దగ్గరే ఉండేది మరి. ఆ నివేదిక తర్వాత లెక్క మారింది. 1970లో ఈఎంటీల జాతీయ రిజిస్టరు వచ్చింది. లైసెన్సు రాష్ట్రాల పని అయింది. టెక్సాస్‌లో సేవ నడిపే సంస్థకు రాష్ట్ర ఆరోగ్య శాఖ లైసెన్సు, సిబ్బందికి విడివిడిగా సర్టిఫికెట్, వీటన్నిటి మీదా బాధ్యత వహించే డాక్టరు ఒకరు ఉండాలి. బ్రిటన్‌లో పారామెడిక్ అన్న పేరును రిజిస్టరులో లేనివాళ్లు వాడుకుంటే నేరం. ఇంగ్లండ్‌లో ప్రైవేటు అంబులెన్స్ సంస్థలు కేర్ క్వాలిటీ కమిషన్ దగ్గర రిజిస్టరు కావాలి, కమిషన్ తనిఖీ నివేదికలు బహిరంగంగా పెడుతుంది. రెండు చోట్లా లైసెన్సు బండితో ఆగలేదు, సంస్థను పట్టుకుంది. మనం తెచ్చుకోవాల్సింది ఆ రెండో సగమే. మొదటి సగం ఏఐఎస్-125 రూపంలో చేతిలో ఉంది.

బండి ఎక్కించే ముందు

ప్రైవేటు అంబులెన్స్ పిలవాల్సి వస్తే కొన్ని చూసుకోవచ్చు. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే వాహన తరగతి, ఎఫ్‌సీ గడువు, బీమా గడువు కనిపిస్తాయి. తరగతి దగ్గర అంబులెన్స్ అని లేకపోతే అది స్టిక్కర్ బండి. వెనక కూర్చునేది ఎవరు, ఏం చదివాడు అని అడగండి. సిలిండరులో ఎంత ఆక్సిజన్ ఉందో మీటరు ముల్లు చూపించమనండి. చార్జీ ఎంతో, ఖాళీగా తిరిగి వచ్చే దూరానికి కూడా తీసుకుంటారో లేదో బయల్దేరకముందే తేల్చుకోండి. రోడ్డు ప్రమాదమైతే డబ్బు గురించి ఆగకండి. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద బాధితుడికి ఏడు రోజుల పాటు 1.5 లక్షల రూపాయల దాకా నగదు లేని వైద్యం దొరుకుతుంది, ఆస్పత్రిలో చేర్పించిన మనిషిని కేసులోకి లాగకుండా 134-ఎ సెక్షన్ కాపాడుతుంది. 108కి చేసే ఫోనుకూ, ఎక్కే బండికీ పైసా కట్టనక్కర్లేదు.